తొర్రలో పురిటి గది

మొదటిసారి ఆ అరుపు విన్నప్పుడు గద్ద అనుకున్నా. ఢిల్లీలో గద్దలకి కొదవేం లేదు కాబట్టి తలెత్తి కూడా చూడలేదు. బాల్కనీలో టీ తాగుతూ ఫోన్‌లో రీల్స్ తిప్పుకుంటున్నాను. ఎదురుగా ఉన్న వేపచెట్టు కొమ్మ ఒక్కసారిగా ఊగింది. చూస్తే ఒక పక్షి. చిన్నపిల్లాడెవడో పక్షి బొమ్మ మొత్తం బాగానే వేసి, ముక్కు దగ్గరికొచ్చేసరికి చేయి జారి కాగితం చివరిదాకా గీసేసినట్టుంది.

ఫొటో తీసి పక్షుల యాప్‌లో పెడితే ‘ఇండియన్ గ్రే హార్న్‌బిల్’ అని వచ్చింది. నవ్వొచ్చింది. హార్న్‌బిల్ అంటే నాగాలాండ్ పండగ, అరుణాచల్ అడవి, డాక్యుమెంటరీలో గంభీరమైన గొంతు. మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల దూరంలో, ఏసీ డబ్బాల మధ్యలో హార్న్‌బిల్ ఏంటి? యాప్ తప్పు చెప్తోందనుకున్నా.

యాప్ కరెక్టే. పాత చెట్లున్న ఢిల్లీ కాలనీల్లో, లోధీ గార్డెన్ లాంటి చోట్ల ఈ పక్షి ఎప్పట్నుంచో ఉంది. చండీగఢ్‌కైతే అధికారిక పక్షి కూడా ఇదే. ఐదేళ్ళుగా ఇక్కడే ఉంటూ తలెత్తి చూడనిది నేనే.

పోయినేడాది ఏప్రిల్ నుంచి జులై దాకా నా లైఫ్ ఈ పక్షి చుట్టూనే తిరిగింది. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆఫ్ చేసి దాన్నే చూశాను. దాని కోసం మా కాలనీ సెక్రటరీతో గొడవ పడ్డాను. మధ్యలో నేనే ఒక పెద్ద తప్పు చేశాను. అన్నీ చెప్తాను.

ముందు పక్షిని చూపించాలి కదా. ముక్కు కొస నుంచి తోక చివరిదాకా రెండడుగులుంటుంది. చూడ్డానికి ఇంత ఉంది కానీ తూకం వేస్తే అర కిలో కూడా రాదు. ఒళ్ళంతా బూడిద రంగు, అక్కడక్కడా కాస్త గోధుమ. కంటి మీద తెల్లటి కనుబొమ్మ లాంటి పట్టీ. పొడుగాటి తోక చివర తెలుపు, దాని పైనే ఒక నల్ల పట్టీ. కన్ను ఎర్రన. జూమ్ చేసి చూస్తే కనురెప్పలకి నిజంగా వెంట్రుకలు కనిపించాయి. అవి నిజానికి వెంట్రుకలు కావట, అలా మారిన ఈకలట. ఐలాష్ ఎక్స్‌టెన్షన్‌కి మూడు వేలు పోసినదాన్ని కదా, కాసేపు అసూయపడ్డాను.

ఇక ముక్కు. కొడవలిలా వంగి, మొదట్లో నల్లగా మొదలై కొసకి వచ్చేసరికి పసుపురంగులోకి తిరుగుతుంది. దాని మీద ఇంకో చిన్న ముక్కు పెట్టినట్టు మొనదేలిన కొమ్ము. ఆ కొమ్ము వల్లే దానికి హార్న్‌బిల్ అని పేరు. మగదానికి కొమ్ము పెద్దది, ఆడదానికి చిన్నది. పైకి మన గోళ్ళలో ఉండే కెరటినే. చాలా జాతుల్లో లోపల బోలుగా, తేలిగ్గా ఉంటుంది. అయినా అంత ముక్కు మొయ్యడం మాటలు కాదు. అందుకే హార్న్‌బిల్స్‌లో మెడలోని మొదటి రెండు వెన్నుపూసలూ అతుక్కుపోయి ఒక్కటైపోయాయి.

అంత ముక్కున్నా నాలుక మాత్రం పొట్టి. ముక్కు కొసన పట్టుకున్న పండు గొంతు దాకా చేరదు. కాబట్టి తల వెనక్కి విదిలించి, పండుని గాల్లోకి ఎగరేసి గొంతుతో పట్టుకుంటుంది. మనం పల్లీలు ఎగరేసి నోటితో పట్టుకుంటాం చూడండి, అలా. మనకి పదిలో నాలుగు కింద పడతాయి. దానికి పడటం నేను చూళ్ళేదు.

మా అమ్మకి వీడియో పంపితే వెంటనే ఫోన్ చేసింది. మా అమ్మ కొన్నేళ్ళు మారేడుమిల్లి వైపు స్కూల్లో టీచరుగా చేసింది. “ఏమే, ఇది మన రెండు ముక్కుల పిట్టే కదా?” అంది. రెండు ముక్కుల పిట్ట అనేది మా అమ్మ సొంతంగా పెట్టుకున్న పేరు. అయితే అమ్మ అక్కడ చూసింది ఇది కాదు, దీని పెద్దన్న లాంటిది. మలబార్ పైడ్ హార్న్‌బిల్. నలుపూ తెలుపూ, పసుప్పచ్చని పెద్ద ముక్కు. పేరులో మలబార్ ఉన్నా పాపికొండల అడవుల్లోనూ ఉంటుంది. “అది ఎగిరితే చప్పుడు వినాలే, ఎవరో చాప దులుపుతున్నట్టు” అంది అమ్మ. పెద్ద హార్న్‌బిల్స్ రెక్కల అడుగున మిగతా పక్షులకుండే చిన్న ఈకల పొర సరిగ్గా ఉండదు. పెద్ద ఈకల సందుల్లోంచి గాలి దూసుకుపోతుంటే వచ్చే చప్పుడది.

మన దేశంలో మొత్తం 9 రకాల హార్న్‌బిల్స్ ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది గ్రేట్ హార్న్‌బిల్, మీటరు పైనే పొడవు. కేరళకీ అరుణాచల్‌కీ రాష్ట్ర పక్షి. దాని ముక్కు మీదా రెక్కల మీదా కనిపించే పసుపులో చాలా భాగం మేకప్పే. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి పసుపురంగు నూనె వస్తుంది, దాన్ని తీసి రుద్దుకుంటుంది. ఇంకో రకం నార్కొండం హార్న్‌బిల్. అండమాన్ వైపు నార్కొండం అనే దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఆ దీవి విస్తీర్ణం 7 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. ఒక జాతికి ఉన్న దేశం మొత్తం అంతే!

సరే, మా వేపచెట్టు దగ్గరికొద్దాం.

ఏప్రిల్ మొదటి వారంలో జంట కనిపించడం మొదలైంది. ఆ చెట్టుకి నా బాల్కనీకంటే కొంచెం పైన, ఎప్పుడో కొమ్మ విరిగిపోయిన చోట ఒక తొర్ర ఉంది. ఆడపక్షి అందులో తల పెట్టి చూడటం, బయటికి రావడం, మళ్ళీ చూడటం. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు మా అమ్మ కొళాయిలు తిప్పి చూసినట్టు. మగపక్షి పక్క కొమ్మ మీద కూర్చుని దానికి పండ్లు అందిస్తూ ఉంది. నాలుగైదు రోజుల తర్వాత ఒక పొద్దున ఆడపక్షి లోపలికెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

తర్వాత జరిగింది నేను నా కళ్ళతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను. మగపక్షి నేల మీదికి దిగింది. ఎక్కువగా చెట్ల మీదే బతికే పక్షి ఇది, నేలమీదికి రావడం తక్కువ. పార్కులో పైపు కారి తడిసిన చోట మట్టి ముద్దలు తీసుకుని పైకెళ్ళి లోపలున్న ఆడదానికి ఇచ్చింది. ఆవిడ ఆ మట్టినీ, తన రెట్టనీ కలిపి, ముక్కుని తాపీలా వాడుతూ లోపల్నుంచే తొర్ర నోటికి మెత్తడం మొదలెట్టింది. కొన్ని రోజుల్లో ఆ కన్నం మూసుకుపోయింది. మధ్యలో నిలువుగా ఒక సందు మాత్రం మిగిలింది. ముక్కు పట్టేంత సందు. ఆ మెత్తింది ఎండి గట్టిపడి వేప బెరడు రంగులోకి మారిపోయింది. తెలియని వాళ్ళకి అక్కడ ఒక గూడు ఉందని చెప్పినా కనిపించదు.

హార్న్‌బిల్స్ గురించి ఆన్‌లైన్‌లో తిరిగే పోస్టులు మీరూ చూసే ఉంటారు. ‘భార్యని బంధించే పక్షి’ అని ఒకటి. ‘భర్త అంటే ఇలా ఉండాలి’ అని ఇంకోటి, వెనకాల వయొలిన్‌తో. రెండూ చిరాకే. ఆవిణ్ణి ఎవరూ లోపల పెట్టలేదు. గోడ కట్టింది ఆవిడే, కూలగొట్టేదీ ఆవిడే. పాములు, కోతులు, అదే తొర్ర కోసం కాచుకున్న ఇంకో జంట, వీటన్నిటికీ ఆ సందు సరిపోదు కాబట్టి కట్టింది.

అమ్మకి ఇదంతా చెప్తే, “అయితే పురిటి గదన్నమాట” అంది. తర్వాత, “పదకొండు రోజులకే మాకు ఊపిరాడేది కాదు. అది ఎన్నాళ్ళుండాలి?”

“రెండున్నర, మూడు నెలలు.”

“అన్నాళ్ళు ఎవరు పెట్టారే దాన్ని లోపల?”

“ఎవరూ పెట్టలేదమ్మా. అదే మెత్తుకుంది.”

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. “దానికి తెలుసు, ఎవర్ని రానివ్వకూడదో” అంది.

లోపలికెళ్ళాక ఆవిడ చేసే పని ఇంకోటుంది. రెక్కల్లోని పెద్ద ఈకల్ని రాల్చేస్తుంది. గుడ్లు పొదిగి, పిల్లలు ఈకలు తొడుక్కునే వేళకి తనకీ కొత్త ఈకలొస్తాయి. లెక్క బాగానే ఉంది. కానీ ఈ మధ్యలో గోడ పగలగొట్టినా ఆవిడ ఎగరలేదు. తిండి మొత్తం ఒక్క మగపక్షి గొంతులోంచి రావాలి. అది ఏ కరెంటు తీగకో, కాటాపుల్లకో బలైతే లోపలున్న ఆవిడకీ, పిల్లలకీ ఇంకెవరూ లేరు. అడవిలో వేటగాడు ఒక మగ హార్న్‌బిల్‌ని కొట్టాడంటే చాలాసార్లు లెక్క ఒకటితో ఆగదు.

ఆ గొంతు సంగతి చెప్పాలి. మగపక్షి ముక్కులో ఒక పండు పట్టుకుని వస్తుంది, ఇంతేనా అనుకుంటాం. సందు దగ్గర వాలి, ఒక పండు ఇచ్చి, తల ఒకసారి విదిలిస్తుంది. గొంతులోంచి ఇంకో పండు ముక్కు కొసకి వస్తుంది. అది ఇస్తుంది. మళ్ళీ విదిలింపు, మళ్ళీ పండు. మెజీషియన్ నోట్లోంచి రిబ్బన్ తీస్తున్నట్టు వస్తూనే ఉంటాయి. ఒక ఆదివారం పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా కూర్చుని లెక్కపెట్టాను. తొమ్మిది సార్లు వచ్చింది. ఒకసారి ఒకే ట్రిప్పులో పద్దెనిమిది పండ్లు దించింది. మే నెల ఢిల్లీ ఎండలో! నేను ఆ రోజు కూరగాయలు కూడా యాప్‌లోనే తెప్పించుకున్నాను.

మెనూలో ఎక్కువ భాగం మర్రి, రావి, జువ్వి పండ్లు. జువ్వి ఢిల్లీ రోడ్ల పక్కన బాగా ఉంటుంది, ఇక్కడ పిల్‌ఖన్ అంటారు. ఈ జాతి చెట్లన్నీ ఒకేసారి కాయవు, ఏదో ఒకటి ఎప్పుడూ పండి ఉంటుంది. కాబట్టి హార్న్‌బిల్‌కి కొట్టు మూసే రోజు ఉండదు. నీళ్ళు కూడా దాదాపు పండ్లలోంచే. జూన్‌లో వేపపండ్లు. పిల్లలు పుట్టాక మాంసం మొదలు: బల్లులు, మిడతలు, గొల్లభామలు, ఒకసారి ఏదో చిన్న పక్షి పిల్ల. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. శాకాహారి సాధువు అనుకున్నానేమో దాన్ని.

అన్నిటికంటే ఆశ్చర్యం మా పార్కు కంచె పొడుగునా ఉన్న పచ్చగన్నేరు. గన్నేరుపప్పు అనగానే మన పెద్దవాళ్ళు ఎందుకు ఉలిక్కిపడతారో మీకు తెలుసు. పశువులకీ మనుషులకీ అది విషం. గ్రే హార్న్‌బిల్ ఆ కాయల్ని కూడా తింటుంది, హాయిగా ఎగిరిపోతుంది. చూసి మీరేం ప్రయోగాలు చెయ్యకండి.

తిన్న పండ్ల గింజలు చాలావరకు పాడవకుండానే బయటికొస్తాయి. హార్న్‌బిల్ వాటిని ఇంకెక్కడో పడేస్తుంది, మొలకెత్తుతాయి. పెద్ద గింజలుండే అడవి చెట్లయితే మరీ. అంత పండు మింగగలిగే నోళ్ళు అడవిలో ఎన్నో లేవు. మా కాలనీలో మాత్రం ఆ గింజలన్నీ ఒక్క చోటే పడుతున్నాయి. ఆవిడ లోపల శుభ్రంగా ఉంటుంది. వెనక్కి తిరిగి, సందులోంచి గురిచూసి బయటికి కొడుతుంది. కింద పార్క్ చేసి ఉండేది మా కాలనీ సెక్రటరీ గారి తెల్ల కారు.

అలా మొదలైంది గొడవ.

మే రెండో వారంలో వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: ఆదివారం చెట్లు కొట్టే వాళ్ళొస్తున్నారు, వానలకి ముందు పుచ్చిపోయిన కొమ్మలన్నీ తీయిస్తున్నాం, కార్లు తీసేయండి. నేను కిందికెళ్ళి గార్డు భయ్యాని అడిగాను, ఏ కొమ్మలని. సుద్దతో గుర్తులు పెట్టి ఉంచాడు. మొదటి గుర్తు నా తొర్ర కిందే.

నిజం చెప్పాలంటే ఆయన దగ్గర కారణం ఉంది. అంతకుముందు ఏడాది గాలిదుమారానికి ఇదే చెట్టు కొమ్మ విరిగి కూరగాయల బండి మీద పడింది. బండి అబ్బాయికి భుజం విరిగింది. కారు మరకల సంగతి పక్కన పెట్టినా, ఆ కింద బెంచీ మీద సాయంత్రం పిల్లలు కూర్చుంటారు. “బేటా, పక్షి కోసం రేపు ఎవరి పిల్లాడి తల పగిలితే నువ్వు జవాబు చెప్తావా?” అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు.

చట్టాలు చదువుకునే వెళ్ళాను. ఢిల్లీలో 1994 నుంచి చెట్ల సంరక్షణకి ప్రత్యేక చట్టమే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అన్న మాటకిచ్చిన అర్థంలోనే పక్షి గుడ్లు పాడుచేయడం, గూటిని కదిలించడం కూడా ఉన్నాయి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు రెడీగా ఉన్నాయి. చూపించాను కూడా. ఆయన మొహం గట్టిపడింది. “అయితే కంప్లైంట్ పెట్టుకో” అని లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. రోజూ ఎదురుపడే మనిషితో చట్టం మాట్లాడితే ఏమవుతుందో ఆ రోజు అర్థమైంది.

ఆ రాత్రి నేను చేసిందే ఆ తప్పు. కోపంలో గూడు వీడియో స్టోరీలో పెట్టాను. కాలనీ పేరు, లొకేషన్ అన్నీ కనిపించేలా. ‘దీన్ని కాపాడండి’ అని రాసి. అందరూ షేర్ చేశారు. శనివారం పొద్దున లేచేసరికి చెట్టు కింద ఆరుగురున్నారు, చేతిలో మోచేయంత లెన్సులు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నాలాంటి వాళ్ళే. ఒకరు ఫోన్‌లో హార్న్‌బిల్ అరుపు ప్లే చేస్తున్నారు, మగపక్షి దగ్గరికొస్తుందని. అది రాలేదు. రోడ్డుకవతల జువ్విచెట్టు మీద కూర్చుని ఉంది, గొంతు నిండా పండ్లతో. మెడ ఉబ్బి కనిపిస్తోంది. గంటన్నర అలాగే కూర్చుంది. ఇటు సందులోంచి ఒక ముక్కు కొస బయటికి వస్తోంది, లోపలికి పోతోంది, మళ్ళీ వస్తోంది.

నైట్ డ్రెస్సులోనే కిందికి పరిగెత్తాను. దండం పెట్టి పంపించాను అందర్నీ. స్టోరీ తీసేశాను. అప్పటికే దాన్ని ఎంతమంది సేవ్ చేసుకున్నారో తెలీదు.

ఇదంతా తన కిటికీలోంచి సెక్రటరీ గారు చూశారు. సాయంత్రం నేనే వెళ్ళాను. ఈసారి స్క్రీన్‌షాట్లు లేవు. మగపక్షి పండ్లు దించే వీడియో చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. “లోపల ఉన్నది బయటికెందుకు రాదు?” అని అడిగారు. ఈకల సంగతి చెప్పాను. ఆయన భార్య టీ తెచ్చారు. చివరికి బేరం కుదిరింది: బెంచీ అక్కణ్ణుంచి తీసేస్తారు, చెట్టు చుట్టూ తాడు కడతారు, కింద ఎవరూ బండ్లు పెట్టరు. తాడు ఖర్చు నాది. గడువు జులై ఒకటి. “ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగను” అన్నారు.

ఇక్కడ ఒక విషయం. ‘ఆ తొర్ర కాకపోతే ఇంకో తొర్ర’ అని గ్రూపులో ఒకరన్నారు. అనడం తేలిక. వడ్రంగిపిట్టలా హార్న్‌బిల్ చెట్టు తొలుచుకోలేదు. ఎప్పుడో కొమ్మ విరిగిన చోట బూజు పట్టి, మెత్తబడి, ఏళ్ళ తరబడి లోపల గుల్లయితే అప్పుడు దానికొక ఇల్లు. మనం పుచ్చు అని ఏది కొట్టేస్తామో సరిగ్గా అదే దానికి కావాలి. గ్రేట్ హార్న్‌బిల్ లాంటి వాటికైతే ఇంకా కష్టం, మీటరు పక్షి కాపురం పెట్టేంత తొర్ర ఉండాలంటే చెట్టు ఎంత లావుండాలి! అంత లావు చెట్ల మీదే కలప వ్యాపారానికీ కన్ను.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన కథ అరుణాచల్‌లోని పక్కె పులుల అభయారణ్యం చుట్టుపక్కలది. అక్కడి నిషి తెగ మగవాళ్ళ సంప్రదాయ టోపీకి ముందు హార్న్‌బిల్ ముక్కు ఉంటుంది. దానికోసం పక్షుల్ని వేటాడేవాళ్ళు. తర్వాత ఫైబర్‌గ్లాస్‌తో చేసిన ముక్కులు వచ్చాయి, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. 2011లో గూళ్ళ దత్తత మొదలైంది. ఎక్కడో నగరంలో ఉన్నవాళ్ళు ఒక గూటి కోసం డబ్బు కడతారు, ఆ డబ్బు అక్కడి ఊరివాళ్ళకి గూటి కాపలా జీతంగా వెళ్తుంది. కాపలా కాసేవాళ్ళలో ఒకప్పుడు వేటాడినవాళ్ళూ ఉన్నారు. అడవిలో గూడెక్కడుందో వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అటవీ శాఖ, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, ఊరి పెద్దలు కలిసి నడిపే పని ఇది. ఫౌండేషన్ తరఫున దీని వెనక ఉన్న శాస్త్రవేత్త అపరాజిత దత్తాకి 2013లో విట్లీ అవార్డు వచ్చింది.

నేను కాపలా కాసింది ఒక్క గూటికే, అదీ కుర్చీలో కూర్చుని. అయినా జూన్ నెల ఎలా గడిచిందో చెప్పలేను. ఒక రాత్రి దుమారం లేచింది. కరెంటు పోయింది. చీకట్లో ఆ కొమ్మ కిర్రుమంటుంటే నాకు రెండు భయాలు. కొమ్మ పడితే పక్షులు పోతాయని ఒకటి. ఎవరి మీదైనా పడితే అది నా వల్లేనని ఇంకొకటి. రెండోదే పెద్ద భయం. దాని గురించి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. తెల్లారి చూస్తే తాడు లోపల ఆకులు, ఎండు పుల్లలు, అంతే. ఏడింటికి మగపక్షి వచ్చింది, తడిసి ముద్దై.

జూన్ నెలాఖరుకి లోపల్నుంచి ఒకటి కాదు, రెండు మూడు గొంతులు. జులై ఒకటి వచ్చేసింది, గోడ అలాగే ఉంది. పొద్దున్నే సెక్రటరీ గారు గొడుగేసుకుని చెట్టు కిందికి వచ్చి నిలబడ్డారు. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను, గుండె దడ. ఆయన కాసేపు పైకి చూసి, గార్డు భయ్యాతో ఏదో చెప్పి వెళ్ళిపోయారు. పరిగెత్తుకెళ్ళి అడిగితే భయ్యా అన్నాడు: “వాన పడుతోంది కదా, ఈ వారం కూలీలు రారట.” అప్పటికి వాన చినుకు చినుకుగా కూడా లేదు.

జులై నాలుగున ఆడపక్షి గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను, చూడలేకపోయాను. అదీ నా అదృష్టం. వచ్చేసరికి పక్క కొమ్మ మీద కూర్చుని రెక్క చాపి, ముడిచి, మళ్ళీ చాపి చూసుకుంటోంది. కొత్త ఈకలు. మర్నాడు ఒక పిల్ల, ఆ సాయంత్రం రెండోది. పిల్లలకి ముక్కు మీద కొమ్ము ఉండదు, కంటి చుట్టూ మసక నారింజ రంగు. అచ్చం స్కూలు మొదటిరోజు మొహాలు. మొదటి పిల్ల సన్‌షేడ్ మీద దిగి, నన్ను చూసి, ఏం చెయ్యాలో తెలీక అలాగే ఉండిపోయింది. నేనూ అంతే. మూడో గొంతు విన్నానని నాకు గట్టి నమ్మకం. మూడోది బయటికి రాలేదు.

ఆగస్టులో కొమ్మ కొట్టారు. అనుమతి కాగితం తెచ్చి మరీ. నేను అడ్డుపడలేదు. తొర్ర ఉన్న భాగం వరకు వదిలి, దాని పైన బరువుగా ఉన్న కొమ్మ మాత్రం తీశారు. పైన వాన నీళ్ళు దిగకుండా ఒక రేకు ముక్క కొట్టించింది సెక్రటరీ గారే. ఆకుపచ్చ రంగు కూడా వేయించారు. ఆ రంగు నాకు నచ్చలేదు, కానీ ఎందుకులే అని ఊరుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఏప్రిల్. ఫిబ్రవరి నుంచే ఆ తొర్రలో రామచిలకల జంట దిగింది. అద్దె ఇళ్ళ కోసం పోటీ అంటే మనకే అనుకుంటాం. నిన్న పొద్దున హార్న్‌బిల్ జంట వచ్చింది. ఆడపక్షి దూరంగా కూర్చుంది, మగపక్షి తొర్ర అంచున వాలి తల లోపలికి పెట్టింది. లోపల్నుంచి చిలక దాని ముక్కు మీద ఒక్కటిచ్చింది. అంత ముక్కున్న పక్షి, వెనక్కి గెంతి, తల పక్కకి వంచి ఆలోచనలో పడింది. కింద సెక్రటరీ గారు వాకింగ్ ఆపి చూస్తున్నారు. పైకి చూసి నన్ను అడిగారు, “బేటా, నువ్వు ఎవరి వైపు?”